రంగు చూసి ఆపితే నేరస్తులు దొరుకుతారా?

మాధవీలత – ఎడిసన్, న్యూజెర్సీ

మా కాలనీ తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో ఒకాయన తీర్పు చెప్పేశారు: "అమెరికా పోలీసులు నల్లజాతివాళ్లనే ఎక్కువగా ఆపుతున్నారంటే, నేరాలు ఎక్కువగా చేసేది వాళ్లే కాబట్టి. ఇందులో వివక్ష ఏముంది?" ఆయన వెనకే బొటనవేళ్లు బారులు తీరాయి. అక్కడ వాదిస్తే రేపు సంక్రాంతి భోజనాల దగ్గర ఒకరి మొహం ఒకరం చూసుకోవాలి. అందుకని ఇక్కడికి వచ్చాను.

ఈ వాదనను లెక్కలతో పరీక్షించిన నగరం మాకు దగ్గరలోనే ఉంది, న్యూయార్క్. అక్కడి పోలీసుల 'స్టాప్ అండ్ ఫ్రిస్క్' గురించి వినే ఉంటారు. వీధిలో నడిచి వెళ్తున్న మనిషిని ఆపి, ప్రశ్నించి, అవసరమనుకుంటే దుస్తుల మీంచి ఒళ్లు తడిమి చూస్తారు. 1968లో సుప్రీంకోర్టు ఇచ్చిన 'టెర్రీ వర్సెస్ ఒహాయో' తీర్పు దీనికి దారి తీసింది. అరెస్టుకు సరిపడే ఆధారం లేకపోయినా, కారణం చెప్పగలిగిన అనుమానం ఉంటే ఆపవచ్చు. మనిషి దగ్గర ఆయుధం ఉందనిపిస్తే తడిమి చూడవచ్చు.

2004 జనవరి నుంచి 2012 జూన్ వరకు ఆ నగర పోలీసులు 44 లక్షల సార్లు ఇలా మనుషులను ఆపారు. వారిలో 52 శాతం నల్లజాతివారు, 31 శాతం హిస్పానిక్‌లు (స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్నవారు), 10 శాతం శ్వేతజాతీయులు. 2010 నాటి నగర జనాభాలో ఈ వర్గాల వాటా వరుసగా 23, 29, 33 శాతం. ఒక్క 2011లోనే 6,85,724 సార్లు ఆపారు.

ఆపిన ప్రతి వందమందిలో 88 మందిని అరెస్టూ సమన్లూ ఏమీ లేకుండా వదిలేశారు. తడిమి చూసినప్పుడు ఆయుధం దొరికింది 1.5 శాతం సార్లే. 2013 ఆగస్టులో ఫెడరల్ జడ్జి షీరా షైండ్లిన్ 'ఫ్లాయిడ్ వర్సెస్ సిటీ ఆఫ్ న్యూయార్క్' కేసులో ఈ తీరు రాజ్యాంగ విరుద్ధమని తేల్చారు. (ఈ ఫ్లాయిడ్, 2020లో మినియాపొలిస్‌లో పోలీసు మోకాలి కింద చనిపోయిన జార్జ్ ఫ్లాయిడ్ ఒకరు కారు.)

మా గ్రూపులో బొటనవేలు ఎత్తినవాళ్ల తరఫున ఎవరైనా ఇక్కడ మాట్లాడితే వినాలని ఉంది.

కృష్ణాతీరం – విజయవాడ

నేను మాట్లాడతాను. మా నాన్నగారు పోలీసు శాఖలో పనిచేసి రిటైరయ్యారు. ఆ ఇంట్లో పెరిగినవాడిగా అడుగుతున్నాను.

జనాభా వాటాతో పోల్చడమే మొదటి తప్పు. పోలీసులు జనాభా లెక్కల పుస్తకం చేత పట్టుకుని గస్తీ తిరగరు. నేరాలు జరిగే పేటల్లో తిరుగుతారు. ఆ పేటల్లో ఎవరుంటే వాళ్లే ఎదురవుతారు. బాధితులు చెప్పే ఆనవాళ్లు ఎవరివైతే వాళ్ల మీదే కన్ను పడుతుంది. న్యూయార్క్‌లో 1990లో 2,200కు పైగా హత్యలు జరిగాయి. 2011 నాటికి అవి 515కు దిగాయి. అలా బతికి బయటపడ్డవారిలో ఎక్కువమంది నల్లజాతివాళ్లే అయి ఉంటారు. వాళ్ల ప్రాణం లెక్కలోకి రాదా?

ఇంకో మాట. అనుభవం ఉన్న కానిస్టేబుల్ మనిషి నడక చూసి పసిగడతాడు. అది వివక్ష కాదు, వృత్తి నేర్పిన చూపు.

శ్రీకర్ – సన్నీవేల్, కాలిఫోర్నియా

కృష్ణాతీరం గారూ, న్యూయార్క్ తరఫు న్యాయవాదులు కోర్టులో చెప్పింది సరిగ్గా మీ మొదటి వాదనే. పోల్చాల్సింది జనాభాతో కాదు, నేరాల్లో అనుమానితుల జాతి వాటాతో అన్నారు. అప్పటి మేయర్ బ్లూమ్‌బర్గ్ 2013లో రేడియోలో ఇంకో అడుగు వేసి, ఆ లెక్కన తాము శ్వేతజాతీయులనే మోతాదు మించి ఆపుతున్నామన్నారు.

జడ్జి ఇచ్చిన జవాబు చాలా సూటిగా ఉంటుంది. ఆపినవాళ్లలో 88 శాతం మందిపై మోపడానికి ఏమీ దొరకలేదు. అంటే పోలీసులు ఆపుతున్నది నేరస్తులను కాదు, దారిన పోయే మామూలు జనాన్ని. ఆ జనాన్ని నేరస్తుల జాతి వాటాతో ఎలా పోలుస్తారు? ఒక నల్లజాతి యువకుడు దోపిడీ చేశాడని ఫిర్యాదు వస్తే, ఆ వీధిలోనే కాలేజీకి వెళ్తున్న వేరే నల్లజాతి యువకుడు అనుమానితుడైపోడు కదా. పైగా పేటల సంగతి కూడా కోర్టు ముందుకు వచ్చింది. పేటలో నేరాల రేటునూ ఇతర అంశాలనూ లెక్కలోకి తీసుకున్న తరవాత కూడా, ఆ పేటలో ఎందరిని ఆపుతారో చెప్పడంలో జాతి ప్రభావం మిగిలే ఉందని తేలింది.

రెండో పరీక్ష, ఆపినప్పుడు ఏమి దొరికింది? ఆయుధం దొరికింది నల్లజాతివారి దగ్గర 1.0 శాతం సార్లు, హిస్పానిక్‌ల దగ్గర 1.1, శ్వేతజాతీయుల దగ్గర 1.4. మత్తుమందుల వంటి నిషిద్ధ వస్తువులు 1.8, 1.7, 2.3. మీరన్న వృత్తి చూపు నిజంగా పని చేస్తూ ఉంటే ఎక్కువగా ఆపినవాళ్ల దగ్గర కనీసం సమానంగానైనా దొరకాలి. తక్కువగా దొరికిందంటే, శ్వేతజాతీయుడిని ఆపడానికి గట్టి కారణం కావలసి వచ్చింది, నల్లజాతివాడి విషయంలో బలహీనమైన కారణమే సరిపోయింది.

ఈ పరీక్షకూ లోపాలున్నాయి, గణాంకాలు చదివినవాళ్లు నన్ను పట్టుకోకముందే చెబుతున్నాను. రెండు వర్గాల్లో అనుమానం పుట్టించేవాళ్ల పంపిణీ వేరుగా ఉంటే సగటు మనల్ని మోసం చేయవచ్చు. అందుకే ఒక్క పరీక్ష మీద ఎవరూ ఆధారపడరు. స్టాన్‌ఫర్డ్ బృందం 2020లో దేశవ్యాప్తంగా దాదాపు 10 కోట్ల ట్రాఫిక్ తనిఖీలను పరిశీలించి ఇంకో దారి పట్టింది. వేసవిలో సాయంత్రం ఏడు గంటలకు వెలుతురు ఉంటుంది, చలికాలంలో చీకటి. గడియారంలో సమయం ఒకటే, రోడ్డు మీద జనం దాదాపు ఒకటే. చీకటి పడ్డాక డ్రైవర్ రంగు కనబడదు. చీకట్లో ఆపినవారిలో నల్లజాతి డ్రైవర్ల వాటా తగ్గింది. వేరే అధ్యయనాలను పక్కన పెట్టినా నాకు ఇది ఒక్కటి చాలు.

డాలస్ దొరబాబు

అంటే న్యాయదేవత కళ్లకు కట్టిన గంతలు రాత్రిపూట మాత్రమే పని చేస్తున్నాయన్నమాట.

కృష్ణాతీరం – విజయవాడ

హాస్యం బాగుంది గాని నా ప్రశ్న అలాగే ఉంది. హత్యలు తగ్గాయా లేదా? ఆపడం మానేశాక ఏమైంది?

శ్రీకర్ – సన్నీవేల్, కాలిఫోర్నియా

2011లో 6.85 లక్షలు ఉన్న తనిఖీలు 2014లో 46 వేల లోపుకు పడిపోయాయి. నూటికి తొంభైకి పైగా తగ్గాయి. నేరాలు పేట్రేగిపోతాయని పోలీసు పెద్దలు హెచ్చరించారు. హత్యలు 2014లో 333, 2017లో 292.

మీకు అనుకూలమైన సంగతి కూడా ఒకటి చెబుతాను, దాచడం నాకు ఇష్టం లేదు. న్యూయార్క్‌లో 'ఆపరేషన్ ఇంపాక్ట్' పేరుతో కొన్ని పేటలకు అదనపు పోలీసులను పంపేవారు. దాని మీద 2016లో వచ్చిన అధ్యయనంలో ఆ పేటల్లో నేరం కొంత తగ్గినట్టు కనిపించింది. అయితే తగ్గుదల గట్టి ఆధారంతో ఆపిన తనిఖీలతో ముడిపడి ఉంది. అస్పష్టమైన అనుమానంతో ఆపిన వేలవేల తనిఖీలకు చెప్పుకోదగ్గ ఫలితం లేదు. పోలీసు వీధిలో ఉండడం వేరు, కనబడ్డ ప్రతివాడి జేబూ తడమడం వేరు.

అదే ఆపరేషన్ గురించి 2019లో ఇంకో అధ్యయనం వచ్చింది. ఆ పేటల్లో పోలీసు ఒత్తిడి పెరిగిన తరవాత నల్లజాతి మగపిల్లల పరీక్ష మార్కులు తగ్గాయి. ఏ కేసులోనూ లేని బడి పిల్లలు వీళ్లు. బ్లూమ్‌బర్గ్ 2019 నవంబరులో బ్రూక్లిన్‌లోని ఒక నల్లజాతి చర్చిలో నిలబడి క్షమాపణ చెప్పారు. ఆ తరవాత కొద్ది రోజులకే అధ్యక్ష పదవికి పోటీలో దిగారు. పశ్చాత్తాపంలో ఎంత భాగం దేనిదో మీరే లెక్క వేసుకోండి.

మాధవీలత – ఎడిసన్, న్యూజెర్సీ

మార్కుల సంగతి నాకు కొత్త. సమాజం మీద ప్రభావం అనగానే అందరూ కాల్పులూ ఊరేగింపులే మాట్లాడతారు. ఇలా నిశ్శబ్దంగా జరిగే నష్టం ఎవరికీ పట్టదు.

డబ్బు సంగతి కూడా అంతే. మిస్సోరి రాష్ట్రంలోని ఫెర్గూసన్‌లో 2014లో మైకేల్ బ్రౌన్ అనే నల్లజాతి యువకుడిని పోలీసు కాల్చి చంపిన తరవాత, అమెరికా న్యాయశాఖ ఆ ఊరి మీద 2015 మార్చిలో ఇచ్చిన నివేదికను ఓపిగ్గా చదవండి. ఆ ఊరి జనాభాలో నల్లజాతివారు 67 శాతం. రోడ్డు మీద ఆపిన వాహనదారుల్లో 85 శాతం, జరిమానా చీటీల్లో 90 శాతం, అరెస్టుల్లో 93 శాతం వాళ్లే. వాహనం ఆపాక సోదా చేసే అవకాశం వాళ్లకు రెట్టింపు కంటే ఎక్కువ. కాని నిషిద్ధ వస్తువు దొరికే అవకాశం శ్వేతజాతీయులతో పోలిస్తే 26 శాతం తక్కువ. శ్రీకర్ గారు చెప్పిన లెక్క ఇక్కడా అలాగే ఉంది. మరి ఎందుకు ఆపారు? ఊరి ఖజానా కోసం. జరిమానాల రాబడి పెంచాలని మునిసిపాలిటీ అధికారులు పోలీసు అధిపతిని తొందరపెట్టిన ఈమెయిళ్లు ఆ నివేదికలోనే ఉన్నాయి. జరిమానా కట్టలేకపోతే వారంటు, వారంటు ఉంటే అరెస్టు, అరెస్టయితే ఉద్యోగం పోతుంది, ఉద్యోగం లేక మళ్లీ జరిమానా కట్టలేరు.

ఫిలాండో కాస్టిల్ గుర్తున్నారా? మినసోటాలో బడి పిల్లలకు భోజనం వడ్డించే ఉద్యోగి. 2016 జులై 6న చనిపోయేనాటికి ఆయన్ను పోలీసులు కనీసం 46 సార్లు ఆపి ఉన్నారు, చాలావరకు చిన్నాచితకా ట్రాఫిక్ కారణాలకు. ఆ చివరిసారి ఆపింది ఎందుకంటే, ముక్కు వెడల్పుగా ఉంది, దోపిడీ కేసు అనుమానితుడిలా ఉన్నాడని ఆ పోలీసు రేడియోలో చెప్పాడు. తన దగ్గర లైసెన్సు ఉన్న తుపాకీ ఉందని కాస్టిల్ మర్యాదగా ముందే చెప్పారు. కారులో నాలుగేళ్ల పాప ఉండగానే ఆ పోలీసు ఆయన్ను కాల్చేశాడు. 2017లో జ్యూరీ ఆ పోలీసును నిర్దోషిగా వదిలేసింది.

డాలస్ దొరబాబు

'చిన్న కారణం' అన్న మాట మీద ఒక చేర్పు. 1996లో 'రెన్ వర్సెస్ యునైటెడ్ స్టేట్స్' తీర్పు వచ్చింది. ట్రాఫిక్ నిబంధన ఏదో ఒకటి ఉల్లంఘిస్తే చాలు, పోలీసు మనసులో అసలు ఉద్దేశం ఏదైనా ఆ ఆపడం చెల్లుతుందని సుప్రీంకోర్టు చెప్పింది. ఇండికేటర్ వేయలేదు, వెనక లైటు వెలగలేదు, నంబరు ప్లేటు చట్రం అక్షరాన్ని కప్పింది. పది మైళ్లు నిబంధనలన్నీ పాటిస్తూ నడపగలిగినవాడిని నేను ఇంతవరకు చూడలేదు, నాతో సహా. ఎవరినైనా ఆపే అధికారం ఉన్నప్పుడు ఎవరిని ఆపాలన్నది పోలీసు ఇష్టమే కదా.

చార్మినార్ నీడ – హైదరాబాద్

అమెరికా గురించి చదువుతుంటే పాతబస్తీ గుర్తొస్తోంది. మా దగ్గర తెల్లవారుజామున కార్డన్ సెర్చ్ అంటే వీధి రెండు చివరలా పోలీసులు నిలబడతారు, ఇంటింటికీ వచ్చి ఆధార్, బండి కాగితాలు అడుగుతారు. బస్తీల్లో జరిగినన్ని సార్లు బంజారాహిల్స్ బంగళాల్లో జరుగుతుందా? రాత్రి అరుగు మీద కూర్చున్న కుర్రాళ్లను స్టేషనుకు పట్టుకెళ్లి కౌన్సెలింగ్ ఇచ్చే 'మిషన్ చబూత్రా' కూడా ఇక్కడి వాళ్లందరికీ తెలుసు.

2021 మేలో లాక్‌డౌన్ రోజుల్లో ఒక సామాజిక కార్యకర్తను పోలీసులు ఆపి, మాస్కు తీయించి ఫోటో తీసుకున్నారు. ఏ చట్టం కింద తీశారు, ముఖాలను గుర్తించే యంత్రంలో ఆ ఫోటో ఏమవుతుంది అని ఆయన నోటీసు ఇచ్చారు, తరవాత తెలంగాణ హైకోర్టుకు వెళ్లారు. 2022 జనవరిలో కోర్టు ప్రభుత్వానికి నోటీసులిచ్చింది. ఆ యంత్రం తప్పు చేయదని అనుకునేవాళ్లు డెట్రాయిట్ కథ వినాలి. 2020 జనవరిలో ఒక నల్లజాతి వ్యక్తిని భార్యాపిల్లల కళ్ల ముందే ఇంటి వాకిట్లో అరెస్టు చేశారు. ఒక వాచీల దొంగతనం వీడియోలోని ముఖం ఆయనదేనని కంప్యూటర్ చెప్పింది. దొంగ ఆయన కానే కాదు.

ఇంకొకటి. 2001 సెప్టెంబరు దాడుల తరవాత న్యూయార్క్ పోలీసులు ముస్లింల హోటళ్లు, పుస్తకాల దుకాణాలు, మసీదుల మీద నిఘాకు ప్రత్యేక విభాగం పెట్టారు. ఏళ్ల తరబడి ఎవరు ఎక్కడ టీ తాగుతున్నారో రాసుకున్నారు. ఆరేళ్లలో దాని నుంచి ఒక్క ఉగ్రవాద దర్యాప్తు కూడా మొదలు కాలేదని 2012లో ఆ శాఖ ఉన్నతాధికారే ప్రమాణం చేసి చెప్పారు. 2014లో ఎత్తేశారు.

కృష్ణాతీరం – విజయవాడ

చూశారా, ఇదే నేను భయపడింది. జాతి గురించి మొదలుపెట్టి మతానికి, బస్తీకి, చివరికి కులానికి లాగుతారు. నల్లజాతివారిది బానిసత్వం నుంచి వచ్చిన చరిత్ర. కార్డన్ సెర్చ్‌ను దానితో కట్టడం న్యాయం కాదు.

నిర్వాహకుడు

అమెరికా మీద మొదలైన చర్చ కాబట్టి అది పక్కకు పోకూడదు. అయితే పుట్టుకను బట్టి అనుమానించడం అనే పద్ధతి మన నేల మీద ఎలా ఉందో చెప్పదలచుకున్నవాళ్లు చెప్పవచ్చు. ఆధారం ఉన్న సంగతులే రాయండి. స్టేషన్ల పేర్లు, అధికారుల పేర్లు వద్దు.

బాపట్ల బిడ్డ

ఇన్నాళ్లూ ఈ వేదికలో చదివి వెళ్లిపోయేదాన్ని. కృష్ణాతీరం గారి మాట చూశాక రాయాలనిపించింది.

మాది స్టూవర్టుపురం. మేము ఎరుకలవాళ్లం. ఆ పేరు వినగానే మీకు తట్టే మొదటి మాట ఏమిటో నాకు తెలుసు.

మా పూర్వీకులు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని కోస్తాకూ మెట్ట ప్రాంతాలకూ మధ్య వర్తకం చేసేవాళ్లు. ఉప్పు ఎరుకలవాళ్లు అన్న పేరు అలా వచ్చిందే. ఉప్పు మీద ప్రభుత్వం పెత్తనం, ఆ పైన రైళ్లు, రెండూ కలిసి ఆ వర్తకాన్ని చంపేశాయి. జీవనం పోయి తిరుగుతున్నవాళ్లను చూసి తెల్లదొరలు నేరస్తుల జాతి అని పేరు పెట్టారు. 1871లో ఉత్తరాదిన మొదలైన క్రిమినల్ ట్రైబ్స్ చట్టం 1911 చట్టంతో మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. ఆ తరవాత రెండు మూడేళ్లకే బాపట్ల దగ్గర సెటిల్‌మెంట్ పెట్టి సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ చేతికిచ్చారు. మద్రాసు గవర్నర్ కౌన్సిల్ సభ్యుడు హెరాల్డ్ స్టూవర్ట్ పేరే మా ఊరి పేరు. పూటపూటా హాజరు, ఊరు దాటాలంటే పాసు, పాసు లేకుండా దొరికితే జైలు. చేసిన నేరానికి కాదు, పుట్టినందుకు. ఇది జాతి ముద్ర కాకపోతే ఇంకేమిటి?

మద్రాసులో ఆ చట్టం 1947లో పోయింది, దేశమంతటా 1952 ఆగస్టు 31న పోయింది. దాని స్థానంలో అలవాటు నేరస్తుల చట్టాలు వచ్చాయి. కాగితం మీద జాతి మాట లేదు. కాని చుట్టుపక్కల ఎక్కడ దొంగతనం జరిగినా జీపు మా ఊరికే వచ్చేది. మా నాన్న ఉపాధ్యాయుడు. ఆయన్నూ ఒక రాత్రి స్టేషనులో కూర్చోబెట్టారు, పొద్దున వదిలేశారు. ఎందుకని అడిగితే "మామూలు విచారణ" అన్నారు. మా తమ్ముడు ఉద్యోగాల దరఖాస్తుల్లో ఊరి పేరు రాయాల్సిన చోట బాపట్ల అని రాస్తాడు.

మా ఊళ్లో దొంగలు లేరని నేను అనడం లేదు. ఉన్నారు, వాళ్ల పేరు చెప్పి మీరు కథలు చెప్పుకున్నారు, సినిమాలు చూశారు. మా ఊళ్లో ఉపాధ్యాయులు, రైల్వే ఉద్యోగులు ఉన్నారని మీలో ఎంతమందికి తెలుసు?

మాధవీలత – ఎడిసన్, న్యూజెర్సీ

అక్కా, మీరు రాసినందుకు సంతోషం. మన చర్చకు ఇన్నాళ్లూ లేని ముక్క ఇది.

కృష్ణాతీరం – విజయవాడ

అమ్మా, మీ నాన్నగారి విషయంలో జరిగింది ఎవరూ సమర్థించరు. నా వాదన వేరు. నేరం జరిగిన పద్ధతిని బట్టి పాత నేరస్తులను విచారించడం ప్రపంచమంతా ఉన్నదే. తాళం పగలగొట్టిన తీరు చూసి ఎవరి పనో చెప్పగలిగే హెడ్ కానిస్టేబుళ్లను చిన్నప్పుడు చూశాను. ఆ నైపుణ్యాన్ని కూడా వివక్ష కింద కట్టేస్తే దర్యాప్తు ఎలా సాగుతుంది?

బాపట్ల బిడ్డ

ఎవరి పనో చెప్పగలిగితే ఆ ఒక్కడి ఇంటికే వెళ్లాలి కదండీ. వీధి వీధంతా ఎందుకు లేపుతారు?

2024 మేలో సుప్రీంకోర్టు ఢిల్లీ పోలీసులకు సంబంధించిన ఒక హిస్టరీ షీట్ కేసులో మా వంటివాళ్ల గురించే మాట్లాడింది. వెనుకబడిన వర్గాల్లో పుట్టినందుకే అమాయకుల పేర్లు ఆ రికార్డుల్లోకి యాంత్రికంగా ఎక్కకూడదని చెప్పి, రాష్ట్రాలన్నీ తమ విధానాలు చూసుకోవాలంది. అదే ఏడాది అక్టోబరు 3న జైళ్లలో కులవివక్ష మీద ఇచ్చిన తీర్పులో విముక్త జాతులను, అంటే ఆ పాత చట్టం ముద్ర నుంచి బయటపడ్డ మా వంటివాళ్లను, అలవాటు నేరస్తులుగా చూసే జైలు నిబంధనలను కొట్టేసింది. సమస్య లేకపోతే కోర్టుకు ఈ శ్రమ ఎందుకు?

శ్రీకర్ – సన్నీవేల్, కాలిఫోర్నియా

కృష్ణాతీరం గారు చెప్పే 'ఆనవాళ్లు' ఎంతదూరం పోగలవో తెలియాలంటే ఒనియాంటా చూడాలి. న్యూయార్క్ రాష్ట్రంలో చిన్న కాలేజీ ఊరు. 1992 సెప్టెంబరులో 77 ఏళ్ల ఆవిడ మీద ఇంట్లో దాడి జరిగింది. ఆవిడ ముఖం చూడలేదు. నల్లజాతి మనిషి, యువకుడు కావచ్చు, చేతికి గాయం అయి ఉంటుంది అని చెప్పింది. పోలీసులు కాలేజీ నుంచి నల్లజాతి విద్యార్థుల జాబితా తీసుకుని అందరినీ వెతికి విచారించారు. అది చాలక వీధుల్లో రెండువందల మందికి పైగా నల్లజాతివారిని ఆపి చేతులు చూశారు. దోషి దొరకలేదు. బాధితురాలి ఆనవాళ్ల ప్రకారం నడుచుకున్నారు కాబట్టి ఇది సమాన రక్షణకు భంగం కాదని అప్పీలు కోర్టు తేల్చింది. నిందితుడు తెల్లవాడని చెప్పి ఉంటే ఊళ్లోని తెల్లవాళ్లందరి చేతులూ చూసేవారా?

ఇంకో ఇబ్బంది కూడా ఉంది. మీరు ఎవరిని ఆపుతారో వాళ్ల పేర్లే రికార్డుల్లోకి ఎక్కుతాయి. రేపు ఆ రికార్డులను చూపించి ఈ పేటలోనే నేరాలు ఎక్కువ అంటారు. ఒకే చెరువులో వల వేసి, జిల్లాలో చేపలన్నీ ఇక్కడే ఉన్నాయని లెక్క రాసినట్టు ఉంటుంది.

నమ్మకం గురించి కూడా ఒక మాట. మిల్వాకీలో 2004లో ఒక నల్లజాతి యువకుడిని డ్యూటీలో లేని పోలీసులు చితకబాదారు. అది పత్రికల్లో వచ్చాక నల్లజాతి పేటల నుంచి అత్యవసర నంబరు 911కు ఫోన్లు భారీగా తగ్గాయని 2016లో సామాజిక శాస్త్రవేత్తలు రాశారు. నాలుగేళ్ల తరవాత వేరే పరిశోధకుడు అదే సమాచారాన్ని తిరగేసి ఆ నిర్ధారణ నిలబడదన్నాడు. కాబట్టి ఆ అధ్యయనాన్ని ఎవరైనా వేదవాక్కులా పంపిస్తే కొంచెం ఆగండి.

డాలస్ దొరబాబు

మనవాళ్ల సంగతి కూడా మాట్లాడుకుందాం. అమెరికాలో దిగిన వారానికే 'ఆ పేట వైపు వెళ్లకు' అన్న సలహా దొరుకుతుంది. ఆ పేట అంటే ఏ రంగువాళ్ల పేటో విడమరచనక్కర్లేదు. మనం వేరే లెక్క, చదువుకున్నవాళ్లం, పోలీసు మనల్ని సార్ అంటాడు అన్న ధీమా.

2015 ఫిబ్రవరిలో అలబామాలోని మాడిసన్‌లో, మనవడిని చూసుకోవడానికి గుజరాత్ నుంచి వచ్చిన 57 ఏళ్ల పెద్దాయన కొడుకు ఇంటి ముందు వీధిలో నడుస్తున్నాడు. బక్కపలచని నల్లవాడు ఇళ్ల వైపు చూస్తూ తిరుగుతున్నాడని ఎవరో ఫోన్ చేశారు. ఆయన 'నో ఇంగ్లీష్', 'ఇండియా' అన్నాడు, ఇంటి వైపు చెయ్యి చూపించాడు. పోలీసు చేతులు వెనక్కి పట్టి, కాలు అడ్డుపెట్టి నేల మీద పడేశాడు. మెడ దగ్గర వెన్ను దెబ్బతిని ఆయన పాక్షికంగా పక్షవాతానికి గురయ్యాడు. గవర్నర్ క్షమాపణ చెప్పారు. ఫెడరల్ కేసులో రెండుసార్లు జ్యూరీ ఏకాభిప్రాయానికి రాలేక, 2016 జనవరిలో జడ్జి ఆ పోలీసును నిర్దోషిగా విడుదల చేశారు. 2021లో 17.5 లక్షల డాలర్లకు పరిహారం తేలింది. ఆ పెద్దాయన కొడుకు ఇంజనీరు. మన వాట్సాప్ గ్రూపుల భాషలో చెప్పాలంటే 'మంచి కాలనీలో' సొంత ఇల్లు.

రమణి – ఫీనిక్స్, అరిజోనా

నేను ఇక్కడ న్యాయవాదిని. దొరబాబు గారు చెప్పిన ధీమా మా కౌంటీలో ఎప్పుడో పోయింది. అప్పటి షెరిఫ్ (కౌంటీ పోలీసు అధిపతి) జో ఆర్పాయో మనుషులు హిస్పానిక్‌లా కనబడే డ్రైవర్లను చిన్న సాకులతో ఆపి వలస కాగితాలు అడిగేవారు. గోధుమ రంగు చర్మానికి మెక్సికో, మచిలీపట్నం తేడా తెలియదు. 2013 మేలో ఫెడరల్ జడ్జి ముర్రే స్నో అది జాతి వివక్షేనని తేల్చారు. అంతకు ముందే 2011లో ఇచ్చిన ఆదేశాన్ని ధిక్కరించినందుకు 2017లో ఆర్పాయో దోషిగా తేలారు. నెల తిరగకుండానే అధ్యక్షుడు ట్రంప్ క్షమాభిక్ష పెట్టారు. కోర్టు ఆదేశాల అమలుకు ఇప్పటికి 20 కోట్ల డాలర్లకు పైగా ఖర్చు రాశారు. అదంతా ఇక్కడ పన్ను కట్టేవాళ్ల నెత్తినే పడింది, నాతో సహా.

ఇప్పుడు ఇదే పని వలస వ్యవహారాల ఫెడరల్ అధికారులు చేస్తున్నారు. 2025లో లాస్ ఏంజెలెస్‌లో కార్ల వాష్‌లు, కూలీలు నిలబడే చోట్లు చుట్టుముట్టి జనాన్ని ఆపారు. జాతి, మాట్లాడే భాష లేదా యాస, ఉన్న చోటు, చేసే పని, ఈ నాలుగే కారణాలుగా ఆపకూడదని జులైలో కింది కోర్టు ఆదేశించింది. సెప్టెంబరు 8న సుప్రీంకోర్టు ఆ ఆదేశాన్ని నిలిపేసింది. జాతి ఒక్కటే కారణం కాకూడదు గాని మిగతావాటితో కలిపి అదీ ఒక అంశం కావచ్చని జస్టిస్ కావనా రాశారు. జస్టిస్ సోటోమయోర్ తీవ్రంగా విభేదించారు. కేసు పూర్తిగా ముగియలేదు, ఇది మధ్యంతర ఉత్తర్వు మాత్రమే.

సుజాత – ఖమ్మం

రమణి గారూ, వచ్చే నెలలో మా అమ్మానాన్నలు మా అన్నయ్య దగ్గరికి షార్లట్ వెళ్తున్నారు. నాన్నకు రోజూ పొద్దున్నే నడిచే అలవాటు, ఇంగ్లీషు రాదు. దొరబాబు గారు రాసింది చదివాక భయమేస్తోంది. నడకకు వెళ్లవద్దని చెప్పాలా?

రమణి – ఫీనిక్స్, అరిజోనా

నడక మాన్పించవద్దు సుజాతా. మొదటి కొద్ది రోజులు మీ అన్నయ్య తోడు వెళ్లి ఇరుగుపొరుగుకు పరిచయం చేస్తే సగం పని అయిపోతుంది. అలబామాలో ఫోన్ చేసింది పొరుగువాడే కదా.

పద్దెనిమిదేళ్లు దాటిన విదేశీయులు తమ నమోదు కాగితం వెంట ఉంచుకోవాలని ఇక్కడి ఫెడరల్ చట్టంలో ఉంది. సందర్శకులకు అది ఐ-94, అంటే దేశంలోకి వచ్చినప్పటి నమోదు పత్రం. దాన్ని అచ్చు తీసి, పాస్‌పోర్టు నకలుతో కలిపి నాన్నగారి జేబులో పెట్టండి. ఒక కార్డు మీద పెద్ద ఇంగ్లీషు అక్షరాల్లో ఆయన పేరు, అన్నయ్య ఇంటి చిరునామా, రెండు ఫోన్ నంబర్లు, 'నాకు తెలుగు మాత్రమే వచ్చు, దయచేసి ఈ నంబరుకు ఫోన్ చేయండి' అని రాయించండి.

ఆ కార్డు కోసం జేబులో చెయ్యి పెట్టకూడదన్నది మాత్రం ఆయనకు బాగా నేర్పండి. పోలీసు ఆపితే నిలబడిపోవాలి, చేతులు కనబడేలా ఉంచాలి, వెనక్కి తిరిగి నడవకూడదు. కార్డును మెడలో తాడుకు వేసుకుంటే చెయ్యి జేబులోకి పోవాల్సిన అవసరమే రాదు. మొహమాటపడతారేమో, కొంచెం నచ్చజెప్పండి.

కృష్ణాతీరం – విజయవాడ

రమణి గారూ, ఒక సందేహం. మెడలో కార్డు వేసుకున్నా ఆ పోలీసు చదవకుండానే చెయ్యి వేస్తే?

రమణి – ఫీనిక్స్, అరిజోనా

ఆ క్షణంలో ఎదురు తిరగకూడదు, చేతులు విదిలించుకోకూడదు. వాదన తరవాత కోర్టులో చేసుకోవాలి. మాడిసన్ కేసులో ఆ పెద్దాయన తరఫున నిలబడింది పోలీసు కారు డాష్ కెమెరా వీడియోనే. అందుకే మీ అన్నయ్యను ఇంటి ముందు డోర్‌బెల్ కెమెరా ఉందో లేదో చూడమనండి సుజాతా, రికార్డింగులు ఎన్ని రోజులు నిలవ ఉంటాయో కూడా.